ఫ్లెక్సీలో ఫొటో, రిజిస్టర్‌లో ఆబ్సెంట్



నేను డిగ్రీ రెండో సంవత్సరం. మాది సూర్యాపేట వైపు పల్లె. తార్నాకలో హాస్టల్లో ఉంటూ, పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో పరుగు తీసి, మా కాలేజీకి బస్సెక్కుతాను. కబడ్డీలో రైడర్‌ని. ఈసారి యూనివర్సిటీ జట్టుకు ఎంపికై సౌత్ జోన్ పోటీలకు వెళ్లొచ్చాను. క్యాంపు, ప్రయాణం, మ్యాచ్‌లతో మూడు వారాల క్లాసులు పోయాయి. ఇంటర్నల్ పరీక్ష తప్పింది. మళ్లీ పెట్టమంటే ఒక లెక్చరర్ "ఆడుకోను పోయినవు గదా, ఇప్పుడేం అడుగుతున్నవ్?" అన్నారు. హాజరు 75 శాతం లేదని కండొనేషన్ ఫీజు కట్టమంటున్నారు. రైలు టికెట్‌కు, బూట్లకు నాన్న పంపిన డబ్బే ఖర్చయింది. బిల్లులిచ్చినా పైసా రాలేదు. కాలేజీ గేటు దగ్గర అడ్మిషన్ల ఫ్లెక్సీలో మాత్రం నా ఫొటో ఉంది. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ మంచివారే కానీ, "లొల్లి చేస్తే వచ్చేసారి సెలక్షన్‌లో ఇబ్బంది" అంటున్నారు. నాన్న ఆట బంద్ చెయ్యమంటున్నాడు. చెయ్యాల్నా?

– పేరు వద్దు, తార్నాక

అమ్మా, బిల్లు రాలేదని మాత్రం ఆట మానెయ్యకు.

నువ్వు యూనివర్సిటీ జెర్సీ వేసుకుని, యూనివర్సిటీ పంపితే వెళ్లావు. పంపినవాళ్లే ఆబ్సెంట్ వేస్తే ఎలా? అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడాక, 2021 నుంచి తమ పేరు, ఫొటోల మీద సంపాదించుకోగలుగుతున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే వాళ్లకు నేరుగా డబ్బిచ్చే వీలొచ్చింది. అక్కడ టీవీ హక్కుల డబ్బుంది, వాటా అడిగారు. మన సౌత్ జోన్ కబడ్డీకి ప్రేక్షకులంటే పక్క జట్టు పిల్లలే. నువ్వడిగేది వాటా కూడా కాదు, టికెట్ డబ్బులు, ఒక పరీక్ష. ఫ్లెక్సీ సంగతి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. నీ ఫొటోతో అడ్మిషన్లు తెచ్చుకునేవాళ్లు నీ పరీక్ష సంగతీ చూడాలి.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తెలుసుగా? 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆమె పరుగును రికార్డుగా రాసుకోలేదు. డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. ఆ ఏర్పాట్లు చూడాల్సింది ఆమె కాదు కదా! 2022 మేలో సైప్రస్‌లో పరిగెత్తాకే రికార్డు ఆమె పేరున చేరింది. కాగితాలు చూసుకోనిది పెద్దలు, రెండేళ్లు ఆగింది ఆ పిల్ల.

అందుకే ముందు కాగితాలు పోగు చెయ్యి. సెలక్షన్ లెటర్, పాల్గొన్నట్టు సర్టిఫికెట్ జతచేసి, తేదీలతో ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టు. ఆ రోజులు ఆన్ డ్యూటీగా వెయ్యమని, ఇంటర్నల్ మళ్లీ పెట్టమని అడుగు. నీలాగే నష్టపోయిన పిల్లలు మీ కాలేజీలో ఇంకా ఉంటారు, అందరి చేతా సంతకాలు పెట్టించు. అప్పుడు పీడీ సార్ భయపడుతున్నట్టు ఒక్క పేరును పక్కన పెట్టడం కష్టం. నకలు మీద ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోకుండా ఆఫీసు వదలకు. కండొనేషన్ గడువు మాత్రం దాటనివ్వకు. కోపంలో హాల్ టికెట్ పోగొట్టుకోవద్దు. ఫీజు కట్టు, అర్జీ నడవనీ.

బిల్లుల జిరాక్సులు దాచుకో. విద్యార్థుల దగ్గర వసూలు చేసే స్పోర్ట్స్ ఫీజు ఎటు పోతోందో యూనివర్సిటీని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. నీ పేరుతోనే అడగక్కర్లేదు, కబడ్డీ ఆడని స్నేహితురాలు అడిగినా చెల్లుతుంది.

ఇంకొకటి, యూనివర్సిటీ తరఫున ఆడినట్టు ధ్రువీకరించే ఫారం-3 మీద యూనివర్సిటీ స్పోర్ట్స్ డైరెక్టర్ సంతకం ఇప్పుడే తీసుకో. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు దాన్నే అడుగుతారు. తెలంగాణలో ఆ కోటా 2 శాతం. ఈ మాట మీ నాన్నకూ చెప్పు, ఆయన దిగులు నీ భవిష్యత్తు గురించే.

ఇది చదువుతున్న ప్రిన్సిపాళ్లకు ఒక మనవి. వచ్చే సౌత్ జోన్‌కు పిల్లల్ని రైలెక్కించే ముందే, వాళ్ల రీటెస్ట్ తేదీ నోటీసు బోర్డులో పెట్టించండి.