అమ్మానాన్నల ఆయాసం - మనం నేర్పగల పాఠం

మన హాస్టల్లో చాలామందిమి కట్టెల పొయ్యి ఊదిన అమ్మల బిడ్డలం, బీడీలు, చుట్టలు కాల్చే నాన్నల, తాతల చేతుల్లో పెరిగినవాళ్ళం. సెలవులకు ఇంటికి వెళితే వారి దగ్గు, ఎగపోత మనకు వినబడుతూనే ఉంటాయి. "వయసు మీద పడింది, అంతే" అని వాళ్ళు కొట్టిపారేస్తారు. కానీ కష్టం చేసే మనిషి ఆయాసంతో కూలబడితే మొదట ఆగిపోయేది పిల్లల చదువే. అందుకే ఈ జబ్బు గురించి మనం తెలుసుకోవాలి.

జబ్బు ఏమిటి?

ఏళ్ళ తరబడి పొగ, దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు వాచి ఇరుకవుతాయి. గాలి గదుల గోడలు దెబ్బతింటాయి. దీనినే సి.ఓ.పి.డి. అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఈ జబ్బుతో సుమారు 35 లక్షల మంది చనిపోయారు.

ఇందులో అసలు చిక్కు లోపలి గాలి పూర్తిగా బయటకు రాకపోవడం. పాత గాలి నిండి ఉన్నచోట కొత్త గాలికి చోటుండదు. అందుకే గబగబా పీల్చేకొద్దీ ఆయాసం పెరుగుతుంది.

స్పైరోమెట్రీ అనే ఊదుడు పరీక్షతో జబ్బు తెలుస్తుంది. గొట్టాలను వెడల్పు చేసే మందు పీల్చిన తరువాత కూడా, మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకనులో వచ్చినది 70 శాతం కంటే తక్కువ ఉంటే గొట్టాలు ఇరుకైనట్లు లెక్క. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ ఉందేమోనని తెమడ పరీక్ష కూడా చేయించాలి.

ఆయాసం వచ్చినప్పుడు

కూర్చుని కొంచెం ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళపై ఆనించాలి. భుజాలు వదులుగా ఉంచాలి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఈల వేసేటట్లు పెదవులు చుట్టి నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలాలి. బలంగా ఊదకూడదు. ఆయాసం లేనప్పుడే దీనిని సాధన చేస్తే అవసరానికి కంగారు ఉండదు.

పనిలో పొదుపు

బిందె ఎత్తేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా, వదులుతూ చేయాలి. స్నానం, కూరలు తరగడం పీట మీద కూర్చుని చేసుకోవచ్చు. కడుపు నిండా ఒకేసారి తినకుండా కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి. పప్పు, గుడ్డు వంటివి కండబలం తగ్గకుండా కాపాడతాయి.

ఆయాసానికి భయపడి మంచం పడితే కాళ్ళ కండరాలు నీరసించి, నాలుగడుగులకే ఇంకా ఎక్కువ ఆయాసం వస్తుంది. డాక్టరును అడిగి రోజూ కొంతదూరం నడవాలి. అలసట వస్తే ఆగి, తేరుకుని మళ్ళీ నడవాలి.

మందులు, పొగ

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది" అనే మాట అపోహ. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక తక్కువ మోతాదు సరిపోతుంది. నొక్కే ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, ఊపిరి వదిలి, మెల్లగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. స్పేసర్ ఉంటే ఇంకా సులువు. స్టెరాయిడ్ మందైతే తరువాత నోరు పుక్కిలించాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగాలి.

పొగ మానకుండా ఏ మందూ పూర్తి మేలు చేయదు. 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల పథకాలతో పల్లెల్లోకి గ్యాసు పొయ్యిలు వచ్చాయి. అయినా వేన్నీళ్ళకు, పెద్ద వంటలకు కట్టెలు వాడే ఇళ్ళున్నాయి. ఆ పొయ్యిని ఆరుబయటకు మార్చినా అమ్మకు కొంత మేలే.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

తెమడ పెరిగి రంగు మారినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, మగత, తికమక కనిపిస్తే 108కి ఫోను చేయాలి.

దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్ళీ మామూలు స్థితికి రాదు. కానీ మిగిలిన ఊపిరిని కాపాడుకుని, పొదుపుగా వాడుకుంటే మనిషి తన పని తాను చేసుకుంటూ చాలాకాలం బ్రతకవచ్చు. మన చదువు కోసం ఊపిరి ధారపోసినవారికి ఈ సెలవుల్లో పక్కన కూర్చుని ఈ పాఠం నేర్పుదాం. మనం మాత్రం బీడీ, సిగరెట్టు జోలికి పోకుండా ఉందాం.