సైనికుల బిడ్డల చదువు

భూమి కదలదు గనుక రైతుబిడ్డ ఒక్క ఊరి బడిలోనే చదువు ముగింపవచ్చును. సైనికుని బిడ్డకు ఆ వీలు లేదు. బదిలీ ఉత్తరువు వచ్చినంతనే సామానంతయు ఇనుప పెట్టెలలోనికి చేరును. విశాఖపట్టణమున అక్షరాభ్యాసమైన నావికుని కుమార్తె కొన్ని యేండ్లకు కొచ్చిలోను, అటుపై ముంబయిలోను చదువవలసి రావచ్చును. మన నౌకాదళపు మూడు ప్రధాన కేంద్రములు ఆ నగరములలోనే కలవు. ఊరు మారినపుడెల్ల పుస్తకములు మారును, భాష మారును, స్నేహితులు మారుదురు. ఒక బడిలో భిన్నములు మొదలు కాకమునుపే బయలుదేరి, మరియొక బడిలో అవి ముగిసిన పిమ్మట చేరిన బాలుడు ఆ లోటును ఎన్నో తరగతులవరకు మోసికొని తిరుగును.

రెండవ కేంద్ర వేతన సంఘము చేసిన సిఫారసుపై, బదిలీలకు లోబడిన ఉద్యోగుల బిడ్డలకు దేశమంతట ఒకే పాఠ్యక్రమము గల బడులను నెలకొల్పుటకు 1962 నవంబరులో ప్రభుత్వము అంగీకరించెను. మరుసటి యేట, పటాలముల వారు నడుపుచుండిన 20 పాఠశాలలను స్వీకరించి పని ప్రారంభించిరి. అవియే కేంద్రీయ విద్యాలయములు. నేడవి 1,200కు పైగా ఉన్నవి. సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతముననే కొన్ని కలవు. ఒక విద్యాలయమునుండి మరియొకదానికి పోయిన విద్యార్థికి అచటను అదే పుస్తకము, అదే పరీక్ష.

అయినను రెండు చిక్కులు మిగిలినవి. ఉత్తరువు విద్యాసంవత్సరపు నడుమ రావచ్చును. నివాసగృహము దొరకువరకు తల్లీబిడ్డలు బంధువుల యింట నుండవచ్చును. ఆ వారములలో బాలుడు ఏ బడికిని చెందడు. రెండవది మాతృభాష. హిందీ, ఇంగ్లీషు నేర్చిన తెలుగు బాలిక, అమ్మమ్మ వ్రాసిన ఉత్తరమును తల్లిచేత చదివించుకొనుట సామాన్యమే.

2020లో కోవిడ్ వలన బడులు మూతపడినపుడు దేశములోని బాలబాలికలందరును సైనికుల బిడ్డలవలెనే బడికి దూరమైరి. అందరి కష్టమైన పిదపగాని కొందరి కష్టమునకు మందు దొరకదేమో! తరగతి కొకటిగా టెలివిజను ప్రసారములను ఆ యేటనే తలపెట్టిరి. అవి ఉపగ్రహము ద్వారా వచ్చును గనుక ఇంటర్నెట్టు లేని కొండప్రాంతపు ఇంటను చూడవచ్చును. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 2021లో వర్చువల్ పాఠశాలను ఆరంభించెను.

ఈ సాధనములు బడికి బదులు కావు. లెక్క తప్పినచోట గురువు వ్రేలుపెట్టి చూపుట తెరపై సాధ్యము కాదు. ప్రయోగశాలలోని ఆమ్లపు వాసన ఫోనులో రాదు. ఇంటికి ఒకే ఫోనుండి, అదియు తండ్రితో సరిహద్దునకు పోయినచో చెప్పవలసినదే లేదు. కాని ఏ బడియు లేని ఆ నడిమి వారములకు ఇవి మిక్కిలి తగినవి. క్రొత్త బడిలో చోటు దొరకువరకు పాత బడి గురువే తెరపై పాఠము చెప్పుచుండుట న్యాయమని నా అభిప్రాయము. బాలుని తప్పొప్పులు ఆయనకే బాగుగా తెలియును.

తెలుగు మాటకు వత్తము. సార్వత్రిక విద్యాసంస్థ పదవ తరగతి స్థాయి పరీక్షలో తెలుగును ఒక విషయముగా తీసికొనవచ్చును. 2017లో వెలసిన దీక్షా వేదికవలన, మన తెలుగు పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడును ఫోనుతో చూచినచో పాఠము ముంబయిలోనైనను వినవచ్చును. వారమునకు రెండు గంటలు చాలును. అక్షరములు దిద్దించుటకు మాత్రము ఇంటిలో ఎవరైన ప్రక్కన కూర్చుండవలెను.