తోమా ఆ గదిలోనే ఉన్నాడు

విశాఖ కంచరపాలెంలో మా సంఘం చిన్నది. రైల్వేలో రిటైరైనవాళ్లు, పోర్టు కూలీలు, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లు ఎక్కువ. అక్కడ సండే స్కూలు చెప్పాను, తర్వాత సంఘ పెద్దగా ఉన్నాను. "నాకు నమ్మకం కుదరట్లేదండి" అంటూ వచ్చే చిన్నవాళ్లు ఈమధ్య పెరిగారు. వాళ్ల కోసం, వాళ్లని చూసి బెంగపెట్టుకునే తల్లిదండ్రుల కోసం ఈ ఐదు మాటలు రాస్తున్నాను.

1. రక్షణ తేదీ అడగొద్దు.

కూడికకి కొత్తగా ఎవరొచ్చినా మనవాళ్ల మొదటి ప్రశ్న, "బాబూ, రక్షణ ఎప్పుడు పొందావు?" అని. తేదీ చెప్పినవాడికి ముందు చాప వేస్తారు. చెప్పలేనివాడు చెప్పుల దగ్గరే ఆగిపోతాడు. రక్షణ నిశ్చయత గొప్ప వరం, కాదనను. కానీ జాన్ వెస్లీ సంగతి చూడండి. 1738 మే 24 రాత్రి లండన్‌లో తనకి ఆ నిశ్చయత కలిగిందని రాసుకున్నాడు. మెథడిస్టులు ఇప్పటికీ ఆ తేదీని తలుచుకుంటారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుణ్ణి కానని అదే దినచర్యలో రాశాడు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఊరూరా తిరిగి వాక్యం చెప్పాడు.

2. ఎదుటివాడి కష్టానికి కారణం నువ్వు చెప్పొద్దు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. మాకు అదేం దూరం కాదు. లాక్‌డౌన్ రోజులు కాబట్టి ప్రార్థనలు, సాక్ష్యాలు అన్నీ ఫోన్లలోనే. "ప్రభువు మమ్మల్ని కాపాడాడు" అన్నవాళ్ల కృతజ్ఞత నిజమైనది, దాన్ని నేను గౌరవిస్తాను. దాని వెనకే వచ్చే మాటతోనే నా తగువు: "మాది ప్రార్థన చేసే ఇల్లు కదండీ." ఆ ఊళ్లో ప్రార్థన చేసే ఇళ్లు లేవా? బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఈ మాట వింటే ఏమైపోవాలి? లాక్‌డౌన్‌లో స్టైరీన్ నిలవ ఉన్న ట్యాంకులో వేడి పెరిగింది. దానికి జవాబు చెప్పాల్సింది మనుషులు.

యోబు గ్రంథం మళ్లీ చదవండి. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకూ వాళ్లంత మంచివాళ్లు లేరు. నోరు తెరిచాక, యోబు ఏ పాపానికి ఈ శిక్ష అనుభవిస్తున్నాడో వివరించడం మొదలుపెట్టారు. వాళ్ల మాటల్లో ఎక్కడా తడబాటు లేదు. తడబడిందీ, దేవుణ్ణి నిలదీసిందీ యోబే. చివరికి దేవుడి కోపం ఆ స్నేహితుల మీదే రగిలింది. మన ప్రసంగాల్లో యోబు ఓర్పు గురించి చెప్పినంతగా ఈ సంగతి చెప్పరు, చెప్పాలి.

3. మాత్ర మానొద్దు.

స్వస్థత కూటం నుంచి వచ్చి షుగరు మాత్రలు మానేసినవాళ్లని చూశాను, టీబీ మందు మధ్యలో ఆపేసినవాళ్లనీ చూశాను. టీబీకి మామూలుగా ఆరు నెలల కోర్సు. మధ్యలో వదిలేస్తే మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. ప్రార్థన చేసుకోండి, మాత్ర కూడా వేసుకోండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే కదా.

4. అనుమానించేవాణ్ణి గదిలోంచి పంపొద్దు.

లేచిన ప్రభువుని మిగతా శిష్యులు చూశారు, తోమా చూడలేదు. మేకుల గుర్తుల్లో వేలు పెడితేగాని నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత యేసు మళ్లీ వచ్చేసరికి తోమా వాళ్లతోనే ఉన్నాడు. ఆ ఎనిమిది రోజుల గురించి యోహాను ఏమీ రాయలేదు. నేను మాత్రం ఎక్కువగా ఆలోచించేది వాటి గురించే. కళ్లారా చూసినవాళ్లు ఇతన్ని వెళ్లగొట్టలేదు. నమ్మలేనివాడు అలిగి వెళ్లిపోనూ లేదు. కలిసే తిన్నారు, తలుపులు వేసుకుని కలిసే భయపడ్డారు అనుకుంటాను. అదే మన దగ్గరైతే ప్రభువు భోజనం ఆపేవాళ్లం, వాట్సాప్ గ్రూపులోంచి తీసేవాళ్లం. ఈ దేశానికి సువార్త తెచ్చినవాడని కేరళ సంఘాలు చెప్పుకునేది ఆ తోమా గురించే. చెన్నైలో కొండకి పేరున్నదీ ఆయనదే.

5. ప్రార్థన రాని రోజుల్లో పని ఆపొద్దు.

"తాతగారూ, ప్రార్థన చేస్తుంటే గోడకి చెప్పినట్టుంటందండి" అన్నాడు ఐటీఐ చదివే ఒక అబ్బాయి. అతనికి మదర్ థెరిసా సంగతి చెప్పాను. కలకత్తా మురికివాడల్లో పని మొదలైన కొంతకాలానికే దేవుడున్నాడన్న అనుభూతి ఆమెకి పోయిందని, దశాబ్దాలపాటు అలాగే గడిపిందని 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాల వల్ల తెలిసింది. రోగుల్ని ఎత్తుకోవడం మాత్రం మానలేదు. మన విశాఖలోనూ ఫలితం చూడకుండానే పని చేసినవాళ్లున్నారు. లండన్ మిషన్ నుంచి 1805లో వచ్చిన క్రాన్, డెగ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయర్ అనే ఆయన వాళ్లకి సాయపడ్డాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ దొరలిద్దరూ బతికిలేరు.

ఆ అబ్బాయిని ఉపవాస ప్రార్థనకి రమ్మని ఒత్తిడి చేయలేదు. కేజీహెచ్ ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకి మేం భోజనం పట్టుకెళ్తాం, చెయ్యందించమన్నాను. వస్తున్నాడు. నమ్ముతున్నాడా లేదా అని నేను అడగలేదు. మొన్న ఒక స్నేహితుణ్ణి కూడా తీసుకొచ్చాడు. అతని దగ్గర ఇంకా ఎక్కువ ప్రశ్నలున్నాయి.