ఏఐతో బతుకమ్మ బొమ్మ గీయిద్దాం

పండగ దగ్గరపడితే వాట్సాప్ గ్రూపుల్లో ఏఐ బొమ్మలు వరస కడతాయి. వాటిలో చాలాచోట్ల బతుకమ్మ ఉండాల్సిన చోట పూలకుండీ ఉంటుంది. చుట్టూ ఆడవాళ్లు దాండియా కర్రలు పట్టుకుని ఉంటారు. మనం ‘బతుకమ్మ’ అని పేరొక్కటే చెప్పి ఊరుకుంటే, ఏఐ తనకు బాగా తెలిసిన పండగను గీసి ఇస్తుంది. అందుకే పేరుతో పాటు ఆకారం కూడా చెప్పాలి. ఎలాగో కలిసి చేసి చూద్దాం.

కావలసినవి

1. ఇంటర్నెట్ ఉన్న ఫోన్ లేదా కంప్యూటర్.
2. బొమ్మలు గీసే ఏఐ టూల్ ఒకటి. జెమిని, చాట్‌జీపీటీ, బింగ్ ఇమేజ్ క్రియేటర్‌లలో ఏదైనా చాలు. ఉచితంగా వాడేవాళ్లకు పరిమితి ఉంటుంది కాబట్టి పండగ రోజు దాకా ఆగకుండా ముందే మొదలుపెడదాం.
3. మీ ఇంట్లో పేర్చిన బతుకమ్మ ఫోటో. చూసి వర్ణించడానికే, ఎక్కించడానికి కాదు.
4. బొమ్మ మీద తెలుగు అక్షరాలు రాయడానికి కాన్వా లాంటి యాప్.

చేసే పద్ధతి

1. ముందు కొలత తేల్చుకుందాం. స్టేటస్‌కైతే నిలువుగా 9:16, గ్రూపులో పంపడానికైతే చదరంగా 1:1 అని చెప్పాలి. తర్వాత కత్తిరించుకోవచ్చులే అనుకుంటే బతుకమ్మ కొసన పసుపు ముద్దతో చేసి పెట్టే గౌరమ్మ కాస్తా ఎగిరిపోతుంది.

2. మొదటిసారి బతుకమ్మ ఒక్కదాన్నే గీయిద్దాం. మనుషుల సంగతి తర్వాత చూడవచ్చు.

3. ఇంట్లో ఏ వరసలో పేరుస్తామో ఆ వరసలోనే, కింది నుంచి పైకి రాద్దాం. టూల్‌కు ఇచ్చే ఈ వివరాన్నే ప్రాంప్ట్ అంటారు. తెలుగులోనే ఇలా ఇవ్వవచ్చు:

“ఇత్తడి తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి ఉన్నాయి. వాటి మీద పూలను గుండ్రంగా వరసలు వరసలుగా పేర్చారు. పైకి పోయేకొద్దీ వరసలు సన్నబడుతూ మొత్తం శంకువు ఆకారంలో ఉంది. అడుగున చిన్న పసుపుపచ్చ తంగేడు పూలు, వాటి మీద తెల్లటి పొడుగాటి గునుగు పూలు, ఆపైన నారింజ రంగు బంతిపూలు. కొసన తమలపాకు మీద చిన్న పసుపు ముద్ద. ఇంటి వాకిలి, సాయంత్రపు వెలుగు. పైన మూడో వంతు ఖాళీ ఆకాశం. ఫోటోలా ఉండాలి.”

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ‘గోపురంలా’ అని రాస్తే గుడి గోపురమే గీయవచ్చు. ‘గౌరమ్మ’ అని మాత్రమే రాస్తే కళ్లూ ముక్కూ ఉన్న అమ్మవారి విగ్రహాన్ని కూర్చోబెట్టవచ్చు. అందుకే శంకువు అని, పసుపు ముద్ద అని రాశాం.

4. బొమ్మ వచ్చాక పెద్దది చేసి చూద్దాం. తాంబాళం కనిపిస్తోందా? వరసలు విడివిడిగా తెలుస్తున్నాయా? పైన గౌరమ్మ ఉందా? గునుగుకు బదులు గులాబీలు పెడితే పువ్వు శాస్త్రీయ నామం ఇచ్చి చూద్దాం. గునుగు సెలోసియా అర్జెంటియా, తంగేడు సెన్నా ఆరిక్యులాటా.

5. ఒక్కోసారి ఒక్క మార్పే అడుగుదాం. “మిగతాదంతా అలాగే ఉంచి, అడుగు వరస మాత్రం పసుపుపచ్చ చెయ్యి” అనాలి. నాలుగు మార్పులు ఒకేసారి అడిగితే బాగా వచ్చినవి కూడా చెడిపోతాయి.

6. ఇప్పుడు మనుషుల్ని చేర్చుదాం. “చీరలు కట్టుకున్న ఐదుగురు ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొడుతున్నారు, చేతులు ఖాళీగా ఉన్నాయి” అని రాద్దాం. ‘కర్రలు వద్దు’ అని రాస్తే ఆ మాట పట్టుకుని కర్రలే గీసే టూల్స్ ఉన్నాయి. వద్దన్నది చెప్పే బదులు కావలసింది చెప్పడం మేలు. తర్వాత వేళ్లు లెక్కపెట్టండి. మనుషులు పెరిగేకొద్దీ చేతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి.

7. నచ్చిన బొమ్మను స్క్రీన్‌షాట్ తీయకుండా డౌన్‌లోడ్ చేద్దాం. స్క్రీన్‌షాట్‌లో నాణ్యత తగ్గవచ్చు. కాన్వాలో తెరిచి, మనం వదిలిన ఖాళీ ఆకాశంలో శుభాకాంక్షలు రాసుకుందాం.

తరచూ జరిగే పొరపాట్లు

1. అక్షరాలు కూడా ఏఐతోనే రాయించడం. ‘బతుకమ్మ’లో మకారం కింద ఒత్తు ఎగిరిపోయినా తొందరలో గమనించం. పంపాక ఊరంతా గమనిస్తుంది.

2. రోజు చూసుకోకపోవడం. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండగ చివర సద్దుల బతుకమ్మ. సద్దులనాడు పెద్ద బతుకమ్మను పేరుస్తాం కాబట్టి ఆనాటి బొమ్మకు వరసలు పెంచాలి.

3. అన్నీ ఒకే బొమ్మలో కుక్కడం. చెరువు, గుడి, చార్మినార్, పటాకులు అన్నీ అడిగితే బతుకమ్మ మూలకు పోతుంది.

4. పక్కింటి పిల్లల ఫోటోలు అడగకుండా టూల్‌లోకి ఎక్కించడం. బంధువులైనా సరే, ముందు అనుమతి తీసుకోవాలి.

5. ఏఐ బొమ్మను నిజం ఫోటోలా పంపడం. కింద చిన్న అక్షరాల్లో ‘ఏఐతో చేసినది’ అని రాస్తే సరిపోతుంది.

ఇది కుదిరాక ఇదే పద్ధతిలో సంక్రాంతి గొబ్బెమ్మలకు ప్రాంప్ట్ రాసి చూడండి. పేడ ముద్ద, నడినెత్తిన గుమ్మడి పువ్వు, చుట్టూ ముగ్గు అని ఆకారంతోనే మొదలుపెట్టండి.