మట్టిలో కాపలావాళ్లు: నా ఏడు పాఠాలు

వెంగళరావు నగర్‌కు రాకముందు ఊళ్లో నిమ్మతోట చేశాను. ఇప్పుడు నా సేద్యమంతా మేడమీది కుండీల్లోనే. కొత్తగా మిద్దెతోట మొదలుపెట్టిన మన వీధి పిల్లల కోసం, నేను ఆలస్యంగా నేర్చుకున్నవి రాస్తున్నాను.

1. ముందు తెగులును గుర్తుపట్టండి. నిమ్మకు గజ్జి తెగులు తెచ్చేది బ్యాక్టీరియా. మొదలుకుళ్లు తెచ్చేది శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి. ఒకదాని మందు రెండోదానికి అన్నిసార్లూ పనిచేయదు.

2. మట్టిలోనూ వేట ఉంది. బ్డెల్లోవిబ్రియో అనే బ్యాక్టీరియా తనకన్నా పెద్ద బ్యాక్టీరియాను ఢీకొని, గోడకు కన్నం వేసి లోపలికి దూరుతుంది. మూడు నాలుగు గంటల్లో దాన్ని తినేసి, పిల్లలతో బయటికొస్తుంది. గ్రీకులో బ్డెల్లా అంటే జలగ. గజ్జి తెచ్చే జాంతోమొనాస్, టమాటాను నిలువునా వడలగొట్టే రాల్‌స్టోనియా దీనికి ఎర కాగల కోవలోవే.

3. ఓపిక పట్టండి. ఈ వేటగాణ్ణి 1962లో లోకానికి చెప్పినవాడు జర్మనీ శాస్త్రవేత్త హైంజ్ స్టోల్ప్. మొక్కల తెగులు బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల కోసం ఆయన మట్టిలో వెతుకుతున్నాడు. ఆ బ్యాక్టీరియాను పెంచిన పళ్లేల్లో మొదటిరోజు ఏమీ కనబడలేదు. పారేయకుండా ఉంచితే రెండు మూడు రోజులకు తెగులు బ్యాక్టీరియా కరిగిపోయిన మచ్చలు తేలాయి. మందు పోసిన మర్నాడే ఆకు తిప్పిచూసే మనం నేర్వాల్సిన పాఠమిది.

4. నిర్మూలన ఆశించకండి. ఎర తగ్గితే వేటా తగ్గుతుంది, కొంత తెగులు మిగులుతుంది. పైగా బ్డెల్లోవిబ్రియోకు మన మిత్రబ్యాక్టీరియా కూడా ఆహారమే. కుండీలోని నా నిమ్మకు ఇప్పటికీ అక్కడక్కడా గజ్జి మచ్చలున్నాయి. ఆ కొమ్మలు కత్తిరించేస్తాను. చెట్టు కాస్తూనే ఉంది.

5. అందుబాటులో ఉన్నవాటిని వాడుకోండి. సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ అనే మంచి బ్యాక్టీరియా వేళ్ల దగ్గర ఇనుమును తానే పట్టేసుకుని తెగులు క్రిములకు అందనివ్వదు. ట్రైకోడెర్మా అనే మంచి శిలీంధ్రం చెడ్డ శిలీంధ్రపు పోగులను చుట్టుకుని తింటుంది. ఇలాంటి వాటిని సొంతంగా పెంచుకోవడం రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ నేర్పుతుంది.

6. ఈ ప్యాకెట్లలో ఉన్నది ఉత్త పొడి కాదు, ప్రాణం. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టకండి. సూడోమోనాస్ కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించండి. పోయడానికి లీటరు నీళ్లకు 10 గ్రాములు, అదీ సాయంత్రం పూట. మన కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్‌లో రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడండి. ఊళ్లో ఒకసారి ఇవాళ సూడోమోనాస్ పోసి, తొందరపడి మర్నాడే రాగి మందు కొట్టాను. నేను పిలిచిన కాపలావాళ్లను నేనే చంపుకున్నాను. ఆ తప్పు మీరు చేయకండి.

7. కాపలావాడికి కూడు పెట్టండి. కిలో మాగిన పశువుల ఎరువులో 20 గ్రాముల ట్రైకోడెర్మా, గుప్పెడు వేపపిండి కలిపి తడపండి. తడి గోనెసంచి కప్పి వారం పది రోజులు నీడన ఉంచి, అప్పుడు కుండీల్లో వేయండి. పైన ఎండుటాకులు పరచండి. తిండీ తేమా లేని మట్టిలో ఎంత ఖరీదైన ప్యాకెట్ పోసినా నిలవదు. అవి ఉన్న మట్టిలో, మనం నిద్రపోయే వేళ కూడా కాపలా సాగుతూనే ఉంటుంది.