తాత ఫోటో పోస్టర్‌లో మసకబారకుండా ఉండాలంటే

సూరత్‌లోని గోడాదరా, లింబాయత్ ప్రాంతాల్లో సాంచాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో తాత పుట్టినరోజుకు పిల్లలు ఫోటోల పోస్టర్ చేస్తున్నారనుకుందాం. ఆయన యువకుడిగా సాంచా పక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటే ఉంది. ఊళ్లోని బంధువులు దాన్ని వాట్సాప్‌లో పంపారు. కంప్యూటర్ తెరపై చక్కగా కనిపించింది. కానీ అచ్చులో ముఖం మసకబారింది. ఎందుకిలా?

డిజిటల్ ఫోటో అంటే పిక్సెళ్లనే చిన్న చిన్న రంగు గడుల వరుస. పడుగు, పేక పోగులు కలిసి బట్ట అయినట్టే, అడ్డం, నిలువు గడులు కలిసి బొమ్మ అవుతుంది. పోగులు పెంచకుండా బట్టను సాగదీస్తే పలచబడుతుంది. ఫోటో కూడా అంతే.

లెక్క ఇలా

దగ్గరగా చూసే అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే మంచిది. ఏ3 కాగితం కొలత 297 × 420 మిల్లీమీటర్లు. అంటే 3508 × 4961 పిక్సెళ్లు, మొత్తం సుమారు 1 కోటి 74 లక్షలు. ఫుల్ హెచ్‌డీ తెరలో ఉండేవి 1920 × 1080, అంటే దాదాపు 21 లక్షలే. అందుకే తెర మీద లోపం బయటపడదు.

పోస్టర్‌లో 6 × 4 అంగుళాల చోటు ఇచ్చే ఫోటోకు 1800 × 1200 పిక్సెళ్లు కావాలి. 600 × 400కు తగ్గిపోయిన ఫోటోను అదే నాణ్యతతో 2 అంగుళాల వెడల్పుకు మించి అచ్చు వేయలేం.

వివరాలు ఎక్కడ పోతాయి?

ఫోటోను మామూలుగా పంపినప్పుడు వాట్సాప్ దాని కొలత తగ్గించి, జేపెగ్ పద్ధతిలో మరింత కుదిస్తుంది. ఈ పద్ధతి బొమ్మను 8 × 8 పిక్సెళ్ల ముక్కలుగా విడదీసి, కన్ను అంతగా గుర్తించని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. దీనికి ఆధారమైన గణితాన్ని నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు 1974లో ప్రచురించారు. ఒకసారి వదిలేసిన వివరాలు మళ్లీ రావు.

చేసే పద్ధతి

1. పాత ఫోటోను స్కానర్‌పై 600 డీపీఐలో స్కాన్ చేయించండి. 4 × 6 అంగుళాల ఫోటోకు 2400 × 3600 పిక్సెళ్లు వస్తాయి. ఆ ఫైలును వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపమనండి.

2. ఉచితంగా దొరికే గింప్ సాఫ్ట్‌వేర్‌లో ఏ3 కొలత, 300 రిజల్యూషన్‌తో కొత్త పేజీ తెరవండి.

3. 'ఓపెన్ యాజ్ లేయర్స్'తో ఫోటోలన్నీ తెచ్చి, కాలక్రమంలో అమర్చండి. ఫోటోను చిన్నది చేయవచ్చు, అసలు కొలతకు మించి పెంచకండి. కత్తిరింపు కోసం చుట్టూ కాస్త ఖాళీ ఉంచండి.

4. జూమ్‌ను 100 శాతానికి పెట్టి ప్రతి ముఖాన్నీ చూడండి. అక్కడ మసకగా ఉంటే అచ్చులోనూ మసకే.

5. పని పూర్తయ్యేదాకా ఎక్స్‌సీఎఫ్ రూపంలోనే భద్రపరచండి. చివరగా పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. ఇందులో వివరాలు పోవు. అక్షరాలు బొమ్మలో భాగమవుతాయి కాబట్టి, సూరత్‌లోని ప్రింటింగ్ దుకాణంలో తెలుగు ఫాంట్ లేకపోయినా పేర్లు చెదరవు.

తెర వెలుతురుతో రంగులు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. మెరిసే ఆకుపచ్చ, నీలం రంగులు కాగితంపై కాస్త తగ్గుతాయి. ముందుగా చిన్న నమూనా వేయించి చూసుకోండి.

అన్నిటికంటే ముందు, ఊళ్లో ఆల్బమ్‌లో ఉన్న అసలు ఫోటోను స్కాన్ చేయించండి. కాగితం ఏటేటా వెలిసిపోతుంది. ఈ రోజు దొరికే వివరాలు రేపు దానిలో ఉండకపోవచ్చు.