సంతకం అడిగే ముందు

అమ్ములూ,

వృద్ధాశ్రమాల్లో సర్వేకి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు ఫారాలు పట్టుకుని ఊళ్ళు తిరిగినదాన్ని, నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. ఇంటికెళ్ళి అడిగితే, ఇష్టంలేని మనిషి తలుపేసుకుంటాడు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళకి ఆ తలుపు కూడా సొంతం కాదు. అది మరిచిపోకు.

ఒక ఆశ్రమంలో ఒక పెద్దావిడ నాకు వాళ్ళ ఊరి కబుర్లన్నీ చెప్పింది. సమ్మతి పత్రం తీసి వేలిముద్ర అడగ్గానే చెయ్యి కొంగులో దాచుకుంది. "ఒక్కసారి వేసినందుకే తల్లీ, ఇక్కడున్నాను" అంది. ఇల్లు కొడుకు పేర రాసిచ్చిందట. ఆ ఫారం ఖాళీగానే తెచ్చి ఆఫీసులో చీవాట్లు తిన్నాను. ఇప్పుడైనా అదే చేస్తాను. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం, 23వ సెక్షన్‌లో ఉంది. తెలుసుకుని వెళ్ళు, ఎవరైనా అడగొచ్చు. వేలిముద్రకి జంకేవాళ్ళ దగ్గర సాక్షి ఎదుట నోటిమాటగా సమ్మతి తీసుకోవచ్చా అని మీ ఎథిక్స్ కమిటీని ముందే అడుగు.

మేనేజరు హుషారుగా ఉన్న నలుగురిని ఏరి నీ ముందు కూర్చోబెడతాడు. మర్యాదగా వద్దను. నీ జాబితాలో ఎవరుంటే వాళ్ళ మంచం దగ్గరికే వెళ్ళు. ఆయా గుమ్మంలో నిలబడి ఉంటే "భోజనం ఎలా ఉంది?" అనే ప్రశ్న వృథా. "బాగుందమ్మా" అన్న జవాబు నీకు కాదు, ఆయాకి. రేపు స్నానం చేయించేది ఆవిడే కదా! నడవగలిగినవాళ్ళని చెట్టు కిందకి తీసుకెళ్ళు.

వినపడకపోతే అరవకు. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు, అరిస్తే గొంతు ఇంకా సన్నబడుతుంది. నీ ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, గొంతు తగ్గించి, నిదానంగా అడుగు. టీవీ ఆపించు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అసలు వెళ్ళకు.

ఒక్కో ప్రశ్నకీ ఉన్న ఐదు జవాబులు వరసగా చదివితే ఐదోది వచ్చేసరికి మొదటిది పోతుంది. ముందు తృప్తా, అసంతృప్తా అని అడిగి, తర్వాత చాలానా, కొంచెమా అని అడగొచ్చేమో సర్వే చేయించే మీ మేడమ్‌ని కనుక్కో. నీ అంతట నువ్వు ప్రశ్న మార్చకు. మార్చక తప్పకపోతే ఏం మార్చావో పక్కన రాయి. వయసు తెలీదంటే 1977 దివిసీమ ఉప్పెన నాటికి పిల్లలెందరని అడుగు. ఎప్పుడొచ్చారో గుర్తులేకపోతే 2016 కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా అను. లెక్క దొరుకుతుంది.

దిగులు కొలిచే పదిహేను ప్రశ్నల ఫారం కూడా ఉందట. అన్నింటికీ అవును, కాదు అనే జవాబులే. మొదటిదే జీవితంతో తృప్తిగా ఉన్నారా అని. అక్కడ చాలామంది ఆగిపోతారు. ఆ మౌనాన్ని నింపకు, పెన్ను కింద పెట్టి కూర్చో. కన్నీళ్ళొస్తే ఫారం మూసెయ్. ఎవరికి చెప్పాలో, ఏ డాక్టరు వస్తారో ముందే తెలుసుకుని వెళ్ళు.

లేచేటప్పుడు "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అంటారు. రాలేకపోతే వస్తానని చెప్పకు. చెప్పిన రోజునుంచి గేటు వైపే చూస్తూ కూర్చుంటారు.

ఆదివారం ఫారం పట్టుకుని ఇంటికి రా. నాకూ ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు. ముందు నన్ను అడుగు.

మీ అత్త